పై అర్ర సారు

తలుపు దగ్గరికి వేశారు గాని గడియ పెట్టిన చప్పుడు రాలేదు. గడియ పెట్టలేదంటే లోపల మా తమ్ముడు రాజును బంధించలేదు, ఊరికే మాట్లాడుతున్నారు అని నాకు నేనే అర్థం చెప్పుకుని, ఆ రాని చప్పుడు మీద ఆశ పెట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నది మానుకోటలో, అంటే బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసే ఊళ్లో, రైల్వే స్టేషన్‌కు కొంచెం ఎడంగా ఒక సందులో, ఏ బోర్డూ లేని ఒక మామూలు ఇంటి ముందుగదిలో. వరండాలో తీగ మీద తువ్వాల ఆరేసి ఉంది, మెట్ల పక్కన కరివేపాకు మొక్క ఉంది, చూసినవాళ్లు ఎవరో సంసారం చేసుకుంటున్నారనే అనుకుంటారు. గేటు బయట మాత్రం ఒక తెల్ల జీపు. అందులో మామూలు బట్టల్లో ఇద్దరు. మామూలు బట్టలైతే ఏం లాభం, ఆ కటింగు, ఆ బూట్లు చూస్తే మా అంగన్‌వాడీ పిల్లలు కూడా పోలీసోళ్లని చెప్పేస్తారు. జగపతి సారు ఆ జీపును నా దగ్గర దాచలేదు. మేము గేటు దాటుతుంటే వేలు పెట్టి చూపించాడు కూడా. "బిడ్డా, నీ తమ్ముడు ఆ జీపుల పోతడా, నీతోని బస్సుల ఇంటికి పోతడా, గీ గంటల తేలుతది. వాని ఫోన్ల ఏమున్నదో చూడంది నేనేం చెప్పలేను" అన్నాడు. నువ్వేం భయపడకు అని ఒక మాట అనొచ్చు కదా, అనలేదు. ఆయన అట్లా అననందుకు ముందు కోపం వచ్చింది, కూర్చున్న కొద్దీ అదే మంచిదనిపిస్తోంది, ఎందుకంటే ఈ మనిషి ఏదన్నా చెప్తే ఇక అది నిజమే అయి ఉంటుంది.

జగపతి సారు మా ఇంటి పై అర్రలో కిరాయికి ఉండే మనిషి. మా బాపు ఉప్పలయ్య బతుకంతా భూపాలపల్లి బొగ్గుబాయిలో దిగి ఎక్కి, రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, కింద రెండు అర్రలు పైన ఒక అర్ర వేసి, పైదాని సున్నం ఆరకముందే దమ్ము జబ్బుతో పోయాడు. ఆ అర్రలోకి పోయిన ఏడాది ఒక ఇనుప పెట్టె, ఒక కుక్కరు, పాత స్కూటరుతో వచ్చాడీయన. యాభై దాటిన మనిషి, బచ్చన్నపేట దిక్కు భూములున్నవాళ్ల ఇంటివాడు, పెళ్లాం జనగామలో టీచరట, శనివారం పోయి సోమవారం వచ్చేవాడు. ఏం నౌకరి అంటే సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసు అన్నాడు. ఏ ఆఫీసు అంటే కాయితాల పని అన్నాడు. ఆ కాయితాలేవో మాకు ఎప్పుడూ కనపడలేదు. పొద్దున స్కూటరు తీస్తే చాయ హోటలు, మంగలి షాపు, బస్టాండు, సిమ్‌కార్డులు అమ్మే డబ్బా, గనుల గేటు, మళ్లీ చాయ హోటలు. ఎవరి కొడుకు దుబాయి నుంచి వచ్చాడు, ఎవరి ఇంట్లో కొత్త మనిషి దిగాడు, ఏ కులసంఘం మీటింగులో ఎవరు ఎవరి కాలర్ పట్టుకున్నారు, అన్నీ తెలుసు. మా వాడకట్టు ఆడవాళ్లు మధ్యాహ్నం గడపల మీద కూర్చుని చేసే పని ఈయన జీతం తీసుకుని చేస్తున్నాడని నేనే ఆయన ముందర అన్నాను. నా నోరు అట్లాంటిది. మా అమ్మ రాములమ్మ అయితే ఒకరోజు పప్పు గిన్నె చేతికిస్తూ మొహం మీదనే అడిగింది.

"ఏం నౌకరి తమ్మీ నీది? పొద్దంత తిరుగుడు, చాయ తాగుడు, మందితోని ముచ్చట్లు. గిసొంటి నౌకరి మా పోరనికి గూడ ఒకటి సూడరాదు."

"గదే నౌకరక్కా" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆ రోజు మా అమ్మకు ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడని ఇప్పుడు ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే తెలిసి వచ్చింది. అమ్మకు ఆయనంటే ప్రాణం. బచ్చన్నపేటలో చెరువు నిండితే పత్తి పక్కన పెట్టి వరి వేస్తామని ఆయన చెప్తుంటే, మొగుళ్లపల్లిలో తన పుట్టింటి పొలం ముచ్చట తీసేది. బాపు పోయాక అమ్మ వ్యవసాయం గురించి నోరు విప్పింది ఆ పై అర్ర మెట్ల దగ్గరే. రాజుకు మాత్రం ఆయనంటే పడేది కాదు. ముసలోడు ఎప్పుడు చూసినా ఏదో ఒకటి అడుగుతాడు అని తప్పించుకుని తిరిగేవాడు.

లోపల కుర్చీ జరిపిన చప్పుడు. మళ్లీ ఏం లేదు. రాజు గొంతు వినపడితే బాగుండు. ఏడుస్తున్నా సరే. వాడు ఏడిస్తే చిన్నప్పటి నుంచి ముందు ముక్కు ఎగబీలుస్తాడు, ఆ తర్వాతే ఏడుపు. ఆ ఎగబీల్చడం కోసం చెవులు పెట్టుకుని కూర్చున్నాను. వాడు నాకంటే ఎనిమిదేండ్లు చిన్న. బాపు షిఫ్టుల్లో, అమ్మ కూలిలో, వాడికి అన్నం కలిపింది నేను, బడికి పంపింది నేను, ఐటీఐలో చేర్పించింది నేను, కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఎలక్ట్రీషియన్‌గా పెట్టించడానికి ఆ కాంట్రాక్టరు ఇంటి చుట్టూ తిరిగింది కూడా నేనే. అన్నీ చేశాను గాని వాణ్ని పట్టుకుని నువ్వు మంచిగున్నావురా అని ఒకనాడు అన్నానా అంటే, ఆ మాట మా ఇంట్లో అలవాటు లేదు. ఆ మాట వాడికి ఫోన్‌లో దొరికింది. సంధ్య అట. మానుకోటలో నర్సింగు చదువుతోందట. సన్నగా, జడలో కనకాంబరాలు పెట్టుకుని, ఎవరో పిల్ల ఫొటో. వీడియో కాల్ అంటే హాస్టల్లో చెయ్యనియ్యరట. నువ్వు తిన్నవా, నీ డ్యూటీ అయిందా, నీ టోపీ మంచిగున్నది, నువ్వు పనిచేసే జాగ ఎట్లుంటదో నాకు చూపియ్యవా. వీడు పొగగొట్టం కనపడేటట్టు సెల్ఫీ పెట్టాడు. గుండె గుర్తులు వచ్చాయి. ఆ తర్వాత గేటు, ఆ తర్వాత పెద్ద తీగలు దిగే యార్డు. మళ్లీ గుండె గుర్తులు. ఆఖరుకు లోపలి కంట్రోలు బోర్డు ఫొటో కావాలట, వాళ్లన్నకు కాలేజీ ప్రాజెక్టట. ఆ బోర్డు ఫొటో వీడు తీశాడు. తీసింది నిజం. పంపలేదక్కా అని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. పంపలేదన్నది కూడా నిజమేనా అన్నది ఆ తలుపు వెనక తేలుతోంది.

ఇదంతా బయటపడింది నా వల్లనే. అదే నన్ను నిలవనియ్యడం లేదు. బతుకమ్మ ఆడే రోజులవి. ఆరో రోజు పొద్దున రాజు మురిసిపోతూ ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. చూడక్కా, సంధ్య ఇప్పుడే పేర్చిందట, సాయంత్రం కాలేజీల ఆడతరట, మన వాడకట్టుల ఎవరన్న గింత పెద్దది పేరుస్తరా అని. బతుకమ్మ నిజంగానే పెద్దది, తంగేడు, గునుగు, బంతి, మీద గౌరమ్మ, అంతా బాగుంది. నేను చేటలో బియ్యం ఏరుతూ పకపకా నవ్వాను. ఈ రోజు అలిగిన బతుకమ్మ. అమ్మవారు అలిగిందని ఆరో రోజు పూలు పేర్చం, నైవేద్యం పెట్టం, ఆడం. మానుకోట పిల్లకు ఆ మాత్రం తెలియదా, ఏం పిల్లరా ఇది, అలిగినామెను లాక్కొచ్చి ఆడిస్తుందా అన్నాను. వాడు మొహం ముడుచుకుని పోయాడు. సాయంత్రం మెట్ల మీద సారు, పోరడెందుకు అట్లున్నడు అని అడిగితే, నవ్వుకుంటూ అంతా చెప్పాను. తమ్ముడి ప్రేమ ముచ్చట పరాయి మగవాడికి చెప్పొచ్చా చెప్పకూడదా అని కూడా ఆలోచించలేదు. ఆయనా నవ్వాడు. "ఏ ఊరట?" అన్నాడు. మానుకోట అన్నాను. "ఎన్నడన్న కలిసిండా?" అన్నాడు. లేదు సారూ, అంతా ఫోన్లనే అన్నాను. ఓహో అని చాయ గ్లాసు మెట్టు మీద పెట్టి పైకి పోయాడు. సగం చాయ గ్లాసులోనే ఉంది. ఈయన చాయ వదిలెయ్యడం మా ఇంట్లో అదే మొదటిసారి, అయినా నాకు ఏమీ తట్టలేదు.

ఆ సంధ్య ఎవరై ఉంటుంది. ఎవరై ఉంటాడు అనాలి. ఎక్కడో సరిహద్దు అవతల ఒక గదిలో, మీసాలున్న మగవాడు, ముందర నాలుగు ఫోన్లు పెట్టుకుని, ఒకదాంట్లో సంధ్య, ఒకదాంట్లో ఇంకెవరో. మన పండుగలన్నీ చదివి ఉంటాడు. తొమ్మిది రోజుల పేర్లు, ఏ రోజు ఏం ఫలహారం, అన్నీ నోటికి వచ్చి ఉంటాయి. ఏ పాత ఫొటోనో ఏరి తెచ్చి ఆ పొద్దున పెట్టాడు. చేసేవన్నీ ఎక్కడో ఒకచోట చదివితే దొరుకుతాయి. చెయ్యనిది మాత్రం ఇంట్లో పెరిగితేనే తెలుస్తుంది. చిన్నప్పుడు అలిగిన రోజు చేట నిండా పూలు తెచ్చుకుంటే మా అమ్మ నెత్తి మీద ఒకటి మొట్టింది, అందుకే నాకు తెలుసు. వాణ్ని మొట్టినవాళ్లు లేరు. వాడి మీద నాకు పట్టరాని కోపం. దేశం సంగతి తర్వాత, ముందు మా రాజును అన్నం తిన్నవా అని అడిగి మరీ మోసం చేశాడు. పొద్దున మానుకోట బస్టాండులో దిగినప్పుడు రాజు చుట్టూ చూశాడు. సంధ్య అనే పిల్ల లేదని చెప్పి వాణ్ని ఒప్పించి తీసుకొచ్చాను, అయినా వాడి కళ్లు బ్యాగులు తగిలించుకుని పోతున్న నర్సింగు పిల్లల్లో వెతికాయి. నేను చూడనట్టు ముందుకు నడిచాను.

పండుగ పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. అన్నాళ్లూ సారు ఏమీ అనలేదు. ఎప్పటిలాగే తిరిగాడు, ఎప్పటిలాగే చాయ తాగాడు, రాజు ఎదురైతే ఎప్పటిలాగే ఏదో అడిగాడు. నిన్న మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు పోయాక అంగన్‌వాడీకి వచ్చి, పిల్లల చాప మీద, గోడకు కట్టిన అ ఆ ల చార్టు కింద కూర్చుని, నేను ఐబీల పనిచేస్త బిడ్డా అన్నాడు. ఇంటెలిజెన్స్ బ్యూరో. పేపర్లో చదివిన పేరే, ఢిల్లీలో ఉంటుందనుకున్నాను. దేశం లోపల కీడు చేసేవాళ్ల జాడ తీసుడు, బయటి దేశపోళ్లు మన మనుషుల్ని వలలో వేసుకోకుండ చూసుడు మా పని అన్నాడు. తర్వాత ఫొటో సంగతి చెప్పాడు. ఒక్క ఫొటోతో ఎవర్నీ తప్పు పట్టకూడదట, ఏ పిల్లో సరదాకు పేర్చిందేమో అని ముందు ఆ పిల్ల దిక్కు నుంచే ఆలోచించాడట. మానుకోటలో నర్సింగు కాలేజీల్లో ఎవరికీ అనుమానం రాకుండా వాకబు చేశాడట. అట్లాంటి సంధ్య లేదు. ఆ ఫొటో ఎప్పటిదో పాతది. ఆ నంబరు తీగ లాగితే అది ఈ దేశంలో తేలలేదు. ఆయన చెప్తున్న కొద్దీ నా ఒళ్లు మండింది.

"మా ఇంట్ల బువ్వ తిని మా పోరని మీదనే కన్నేసినవా సారూ?" అన్నాను.

"నీ తమ్ముని మీద కాదు బిడ్డా, నీ తమ్ముని మీద కన్నేసినోని మీద" అన్నాడు. గొంతు పెంచలేదు. "నాకు లాఠీ లేదు, బేడీలు లేవు. ఎవర్ని పట్టుకపోయే అధికారం లేదు. తెలుసుకునుడు, చెప్పాల్సినోళ్లకు చెప్పుడు, గంతే. పోలీసోళ్లకు చెప్పక తప్పదు, నేను దాచను. కానీ మేమొచ్చి పట్టుకపోతే ముచ్చట ఒక తీరుంటది, వాడే వచ్చి ఫోన్ చేతుల పెడితే ఇంకో తీరుంటది. అందుకే పెద్దసార్లను ఒక్క దినం అడిగిన. ఒక్కటి యాదిపెట్టుకో. ఫోన్ల ఒక్క ముక్క తుడిపినా నేను అడ్డం నిలబడలేను."

ఆయన పోయాక పిల్లల గ్లాసులు కడుగుతూ చాలాసేపు తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ ఒక్క దినం అడగడానికి ఆయనకేం పట్టింది. నేను ఇంటికి పోయి రాజును ఏ బస్సో ఎక్కించి తప్పించి ఉంటే, ఆయన నౌకరి ఏమయ్యేది. మా ఇంట్లో ఏడాదిన్నర చూసి, మేము ఎట్లాంటివాళ్లమో ఆయన తూచుకున్నాడు. మా మీద నిఘా అని నేను మండిపడ్డ ఆ చూడడమే మమ్మల్ని నమ్మడానికి కూడా పనికొచ్చింది. బాపు బతికుంటే ఇది ఆయనకు వెంటనే అర్థమయ్యేది. బాయిలో షిఫ్టు దిగేముందు సర్దార్, అంటే కూలీల మీద పెద్ద, ఒక్కడే ముందు పోతాడట, కర్రతో బాయి పైకప్పు కొట్టుకుంటూ. చప్పుడు గట్టిగా వస్తే అందరూ పోవచ్చు, డొల్లగా వస్తే ఆగాలి. గంటసేపు పని ఆగిపోయిందని, ఈయనకు చెవులు ఎక్కువ అని కూలీలు తిట్టుకునేవాళ్లట. కప్పు కూలిన రోజు గురించి అందరూ చెప్పుకుంటారు గాని కూలని రోజుల గురించి ఎవరు చెప్పుకుంటారు అఖిలా, ఆయన కర్ర కొట్టబట్టే కదా నేను రోజూ ఇంటికి వచ్చిన, అనేవాడు బాపు. పై అర్రలో కిరాయికి ఉన్న మనిషి చేసేది కూడా ఆ పనే. ప్లాంటులో ఏదో జరగకుండా ఆగింది. ఏం జరిగేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు, పేపర్లో రాదు. ఊరు ఊరంతా ఫ్యాన్ వేసుకుని పడుకుంటుంది, అంతే. ఇట్లాంటివాళ్లు జనగామలో ఒకరు, ఇక్కడ ఒకరు, ఎక్కడెక్కడో పై అర్రల్లో ఎంతమందో. పెళ్లాం బిడ్డలకు దూరంగా, మాలాంటివాళ్ల చేత తిరుగుబోతులనిపించుకుంటూ. నాకు ఆయనంటే గౌరవం, ఇప్పుడు, తమ్ముణ్ని లోపల పెట్టుకుని కూర్చున్న ఈ క్షణంలో కూడా. ఆ జీపులోకి రాజును ఎక్కిస్తే ఈ గౌరవం నిలుస్తుందా అంటే ప్రమాణం చెయ్యలేను. మనిషిని కదా.

వంటగది నుంచి కాటన్ చీర కట్టుకున్న ఒకామె మంచినీళ్లు తెచ్చింది. నా కంటే చిన్నది, మెడలో నల్లపూసలు, ఎవరింటి కోడలో అన్నట్టుంది. ఈమెనూ ఏ వాడకట్టులోనో ఏదో పేరు పెట్టి పిలుస్తుంటారు. "తాగక్కా, పొద్దటినుంచి ఏం తినలే గదా" అంది. మేము ఏమీ తినలేదని ఈమెకు ఎట్లా తెలుసు అనుకున్నాను, తర్వాత నా మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది అనుకున్నాను. నీళ్లు తాగాను. రైలు కూత వినపడింది, కిటికీ రెక్క కొంచెం అదిరింది. గేటు బయట ఒకడు జీపు దిగి ఒళ్లు విరుచుకుని మళ్లీ ఎక్కాడు. ఎక్కినప్పుడు వెనక సీటు మీది సంచి తీసి ముందు పెట్టుకున్నాడు. వెనక సీటు ఎవరి కోసం ఖాళీ చేశాడు. 

నర్సంపేటలో నేను ఫోన్ ఇవ్వకుండా ఉండాల్సింది. తెల్లవారుజామున రాజును లేపి చెప్పినప్పుడు వాడు ముందు నవ్వాడు, తర్వాత కొట్లాడాడు, తర్వాత మంచం మీద కూలబడి, అంతా తుడిపేస్త అక్కా, ఎవనికి తెలుస్తది అన్నాడు. ఫోన్ గుంజుకుని నా సంచిలో వేసుకున్నాను. కంటి దవాఖానకు పోతున్నామని అమ్మకు చెప్పి బస్సెక్కాం. ములుగు దాటేదాకా వాడు నాతో మాట్లాడలేదు. నేనే మాట్లాడాను, కిటికీలోంచి పత్తి చేన్లు చూస్తున్న వాడి వీపుతో. ఆ ఫోన్లో ఉన్నదంతా ఉండాలిరా, వాడికి అనుమానం రావద్దు, వాడు పారిపోతే ఇంకో రాజును పట్టుకుంటాడు, ఇట్లా ఏదేదో. విన్నాడో లేదో తెలియదు. నర్సంపేట బస్టాండులో బస్సు మారేటప్పుడు, జర ఇయ్యక్కా, ఒక్కసారి ఆ ఫొటో చూసుకోని ఇస్త అన్నాడు. సంధ్య ఫొటో. లేని మనిషి ఫొటో. వాడి గొంతు విని నాకు దుఃఖం వచ్చింది. ఇచ్చాను. అరటిపండ్ల బండి దాటి మూత్రశాలల దిక్కు పోయాడు. వచ్చేసరికి బస్సు కదలబోతోంది. ఫోన్ నా చేతిలో పెట్టి తల పక్కకు తిప్పుకున్నాడు. కొంచెంసేపే, కానీ తుడిపెయ్యడానికి ఎంతసేపు పడుతుంది. ఏం చేశావురా అని దారంతా అడగబోయి మింగాను. తుడిపేశానంటే అక్కడే దిగిపోయి వెనక్కి పోయేదాన్నేమో, అందుకే అడగలేదు. సారు నమ్మి ఒక్క దినం ఇచ్చాడు, నేను నమ్మి ఫోన్ ఇచ్చాను. ఈ ఇంట్లో ఎవరి నమ్మకం తప్పైనా వెనక సీటు మా రాజుదే.

తలుపు తెరుచుకుంది. ముందు సారు ఒక్కడే వచ్చాడు.  ఆయన వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు, మా మెట్ల మీద కూర్చున్నట్టే.

"సాక్షి" అన్నాడు. "ముద్దాయి కాదు."

 ఆయన నిదానంగా చెప్పుకుపోయాడు. బోర్డు ఫొటో పోలేదు. ముందు పోయినవి పోయినై, అవి తప్పే, దాపరికం లేకుండా రాసిచ్చాడు. పోలీసోళ్లు పిలిచినప్పుడల్లా రావాలె. ప్లాంటు నౌకరి ఉండదనే అనుకో బిడ్డా, దాంట్ల నేను చేసేదేం లేదు అన్నాడు. నేను తల ఊపాను. నౌకరి పోతే పోయింది. మరి నర్సంపేటలో, అని నేనే ఉండబట్టలేక అడిగాను.

"నర్సంపేటల వీని చేతిల ఫోన్ ఉన్నప్పుడే గా సంధ్య పేరుతోనున్నోడు మెసేజ్ పెట్టిండు. ఇయ్యాల బోర్డు ఫొటో పంపకపోతే ఇగ మాట్లాడ అని. నీ తమ్ముడు ఏం రాసిండో తెల్సా? డ్యూటీల ఉన్న, రేపు పంపుత, తిన్నవా అని రాసిండు." సారు మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "తిట్టలే. నువ్వెవనివిరా అని నిలదీయలే. తుడిపేయలే. గాడింకా నమ్మే ఉన్నడు. గా ఒక్క మాటతోని మాకు ఇంక కొన్ని దినాలు దొరికినయ్. వాని వలల ఇంకెందరు పోరగాండ్లున్నరో తియ్యనీకి గా దినాలే కావాలె. మా ఆఫీసుల ట్రైనింగైనోళ్లకు గూడ అసొంటప్పుడు చేతులు ఆగవు."

రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నువ్వు చెప్పినవు గదక్కా బస్సుల, అనుమానం రావద్దని" అన్నాడు. నా మాట వాడు ఎప్పుడు విన్నాడు గనుక, ఇప్పుడు వింటాడని నేను అనుకోవడానికి. తిన్నవా అని ఎందుకు రాసినవురా అని అడగాలనిపించింది. రోజూ అది ఆ సంధ్య పేరుతో వీడికి వచ్చే మాట, రాయకపోతే అవతలివాడికి తేడా తెలుస్తుందని రాశాడా, లేక నిజంగానే చివరిసారి అడిగాడా. అడగలేదు. వాడి భుజం మీద చెయ్యి వేసి, మంచి పని చేసినవురా అన్నాను. మా ఇంట్లో అలవాటు లేని మాట కాబట్టి గొంతు వంకర పోయింది.

సారు లేచాడు. "ఇగ నేను మీ ఇంటికి రాను బిడ్డా. నేనేందో నీకు తెలిసె, రాజుకు తెలిసె. మూడో మనిషికి తెల్వద్దు. రాములమ్మక్కకు గూడ."

"అమ్మ అడిగితే ఏం చెప్పాలె సారూ?"

"మంచోడు కాదు, వెళ్లగొట్టినం అని చెప్పు. గట్ల చెప్తే ఎవ్వరు మళ్ల అడగరు." ఎప్పుడూ చెప్పే మాటలాగే చెప్పాడు. ఎన్ని ఊళ్లలో, ఎన్ని పై అర్రల్లో ఈ మనిషి మంచోడు కానివాడిగా మిగిలాడో. దండం పెట్టాను. ఆయన నా దండం అందుకోకుండానే, బస్సుకు టైమైతాంది పోండి, అని లోపలికి పోయాడు.

జీపు పక్క నుంచే నడిచాం. అందులోని ఇద్దరూ మా వైపు చూడలేదు. సందు మలుపు తిరిగామో లేదో నా ఫోన్ మోగింది. అమ్మ.

"అఖిలా, యాడున్నరే? ఎవరో ఇద్దరు పిలగాండ్లొచ్చి పై అర్ర సారు పెట్టె సదురుకోని పోయిన్రు. సారు ఇగ రాడట. ఏమైందే? నువ్వే ఏమన్న అంటివా? నీ నోరు మంచిది కాదు."

చెప్పాలి. మంచోడు కాదమ్మా, వెళ్లగొట్టినం. మూడే మాటలు. ఏడాదిన్నర ఆ మనిషిని ఎదురుగానే ఎన్ని అన్నాను, ఒక్కటీ గొంతుకు అడ్డం పడలేదు. ఇప్పుడు నోరు తెరిచి నిలబడ్డాను, మాట రావడం లేదు. అమ్మ హలో హలో అంటోంది. రాజు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"నేనే పొమ్మన్ననమ్మా" అన్నాడు. "తాగొస్తుండు. ఆడోళ్లున్న ఇల్లు గదా."

 అమ్మ గొంతు నాకు కూడా వినపడేంత గట్టిగా వచ్చింది. "ఎవడ్రా తాగింది? నేను రోజు సూస్తలేనారా? దేవునసొంటి మనిషిని పట్టుకోని గసొంటి మాటంటవా? పొద్దంత ఆ ఫోన్ల తలకాయ పెట్టి కూసునెటోనికి మంచి చెడ్డ ఏం తెలుస్తదిరా నీకు? ఆయనెంబడి నాలుగు దినాలు తిరిగినా మనిషివైదువు గదరా."

"అవునమ్మా" అన్నాడు రాజు.

అమ్మ ఆపలేదు. ఆయన తిన్న పప్పు గురించి, ఆయన చెప్పిన వరి గురించి, బాపు ఉంటే ఇట్లా కానిచ్చేవాడా అని, ఏడుస్తూ తిట్టింది. రెండో తిట్టుకే ఫోన్ పెట్టేసే మా రాజు, మానుకోట సందులో గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ, అమ్మ తిట్టడం అయిపోయేదాకా ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు.